తూము దాకా నడిచి చూద్దాం

(గ్రంథాలయ వారోత్సవాల్లో మా ఊరి శాఖా గ్రంథాలయంలో ఒక రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్ చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్లు అడిగితే రికార్డింగ్ విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. రా అమ్మా, కూర్చో.

ముందు ఒక మెసేజ్ చదువుతాను, వినండి. "ముఖ్య గమనిక. ఊరగాయలు క్యాన్సర్ కారకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చేసింది. ఈ రోజే మీ ఇంట్లో పచ్చళ్లు పారేయండి. మీ వాళ్లందరికీ పంపండి." ఇది మీలో ఎంతమందికి వచ్చింది? చేతులెత్తండి. చూశారా, సగం మందికి పైనే.

ఇది మా వదినకి మొన్న ఎండాకాలంలో వచ్చింది. ఆవిడ ఏటా రెండు జాడీలు ఆవకాయ పెడుతుంది. ఈసారీ పెట్టింది. మూడో రోజు తిరగకలిపింది, వాసెన కట్టింది, అటక మీద పెట్టింది. తర్వాత ఈ మెసేజ్ వచ్చింది. అంతే, వాసెన విప్పలేదు. పారేయడానికి మనసొప్పలేదు, పిల్లలకి వడ్డించడానికి భయం. నాకు ఫోన్ చేసి, "నువ్వు ముప్పై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పినదానివి కదా, ఇది నిజమా అబద్ధమా, ఒక్క ముక్కలో చెప్పు" అంది.

నేను ఒక్క ముక్కలో చెప్పలేకపోయాను. కెమిస్ట్రీ తెలిసినంత మాత్రాన ఆ మెసేజ్ నిజమో కాదో తెలిసిపోదండీ. నేను చదివిన పాఠ్యపుస్తకాల్లో ఆవకాయ మీద అధ్యాయం లేదు. "రెండు రోజులు టైమివ్వు వదినా, వెతికి చెబుతాను" అన్నాను.

ఎలా వెతికానో చెప్పే ముందు మా నాన్న సంగతి చెప్పాలి. మాది కాలువ చివరి భూమి. ఇక్కడ డెల్టా రైతులు చాలామంది ఉన్నారు, చివరి భూమి అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. పైవాళ్లందరికీ పారాక మిగిలితే మనకి. ఒక్కోసారి నీళ్లు వచ్చేవి కావు, ఒక్కోసారి బురద వచ్చేది. అప్పుడు మా నాన్న చేలో నిలబడి ఆ నీళ్ల వంకే చూస్తూ కూర్చునేవాడు కాదు. టార్చిలైటు, పార పట్టుకుని గట్టెక్కి పైకి నడిచేవాడు. ఎక్కడ గండి పడింది, ఎవరు అడ్డం వేశారు, తూము దగ్గర ఎంత వదిలారు, చూసుకుంటూ పోయేవాడు. మన చేలోకి వచ్చిన నీళ్లని ఎంతసేపు చూసినా అవి ఎక్కడ చెడిపోయాయో తెలియదు కదా? పైకి నడిస్తేనే తెలుస్తుంది.

ఫోన్‌లోకి వచ్చే సైన్సు మాట కూడా అంతే. మెసేజ్‌ని పదిసార్లు చదివినా లాభం లేదు. అది ఎక్కడి నుంచి వచ్చిందో పైకి నడవాలి. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

సరే, ఆవకాయ దగ్గరికి వద్దాం. ఆ మెసేజ్‌లో ఒక వాక్యం కాపీ చేసి గూగుల్‌లో వెతికాను. ఒక తెలుగు వెబ్‌సైట్ దొరికింది. రాసినవాళ్ల పేరు లేదు, తేదీ లేదు. కానీ అందులో మెసేజ్‌లో లేని ఒక ముక్క ఉంది: ఈ మాట చెప్పింది ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ అని. అది ఫ్రాన్స్‌లో లియోన్ నగరంలో ఉంటుంది, ఐఏఆర్‌సీ అంటారు. అంటే ఒక మెట్టు పైకి ఎక్కాం. ఆ సంస్థ సొంత వెబ్‌సైట్‌లోకి వెళ్తే పెద్ద పట్టిక ఉంది, ఎవరైనా చూడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. అందులో వెతికితే ఉంది! "ఊరబెట్టిన కూరగాయలు, ఆసియా సంప్రదాయ పద్ధతి" అని ఉంది. ఎదురుగా 2బి అని ఉంది. పక్కన సంవత్సరం ఉంది. ఎంతో చెప్పగలరా? 1993. ఈ రోజే పచ్చళ్లు పారేయమన్న మెసేజ్‌కి మూలం ముప్పై ఏళ్ల కిందటి పుస్తకం.

అంటే మెసేజ్ పచ్చి అబద్ధం కాదు, గమనించండి. తూము దగ్గర నీళ్లు ఉన్నాయి. మరి దారిలో ఏం కలిసింది, ఏం పోయింది?

మొదటిది, 2బి అంటే ఏమిటి? ఆ సంస్థ పదార్థాలని గుంపులు చేస్తుంది. మొదటి గుంపు, క్యాన్సర్ తెస్తుందని గట్టి సాక్ష్యం ఉన్నవి. తర్వాత 2ఏ, తెచ్చే అవకాశం బాగా ఉంది. తర్వాత 2బి, తేవచ్చేమో, సాక్ష్యం అంతంతమాత్రం. ఇంకా కింద మూడో గుంపు, చెప్పడానికి చాలినంత సమాచారం లేనివి. ఈ గుంపులు సాక్ష్యం ఎంత గట్టిగా ఉందో చెబుతాయి. ప్రమాదం ఎంత పెద్దదో చెప్పవు. ఇది చాలామంది పొరబడే చోటు, అందుకే మళ్లీ చెబుతున్నాను. కోర్టులో సాక్ష్యం గట్టిగా ఉండటం వేరు, నేరం పెద్దది కావడం వేరు. జేబుదొంగతనానికి వీడియో సాక్ష్యం ఉండొచ్చు, హత్యకి ఒక్క సాక్షీ లేకపోవచ్చు. సిగరెట్టు మొదటి గుంపులో ఉంది, ఎండ కూడా మొదటి గుంపులోనే ఉంది. అంటే కాసేపు ఎండలో నిలబడటం సిగరెట్టు కాల్చినంత ప్రమాదమనా? కాదు కదా.

రెండోది, వాళ్లు చూసింది ఏ ఊరగాయ? చైనా లాంటి తూర్పాసియా దేశాల్లో కూరగాయల్ని జాడీల్లో పులియబెట్టుకుని తింటారు, ఆ జనం మీద జరిగిన పరిశోధనలు అవి. మామిడికాయ ముక్క, ఆవపిండి, కారం, నూనె వేసి పెట్టే మన ఆవకాయ మాట అందులో లేదు. "ఆసియా" అన్న ఒక్క మాట పట్టుకుని ఎవరో మన జాడీ దాకా తెచ్చేశారు.

అలాగని ఆవకాయ ఎంతైనా తినొచ్చని నేను అనడం లేదు. ఉప్పు చూసుకోవాలి. రోజుకి మొత్తం మీద 5 గ్రాముల లోపే ఉప్పు తినమని అదే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బీపీ ఉన్నవాళ్లకి పచ్చడితో నిజమైన లెక్క అది. కానీ ఆ మెసేజ్ ఎవరూ పది మందికి పంపరు.

ఇంకొక్క సంగతి చెప్పకుండా ఉండలేను. అదే పట్టికలో, మొదటి గుంపులో, వక్క ఉంది. అవునండీ, మనం తాంబూలంలో వేసుకునే వక్క. పొగాకు కలపకపోయినా సరే, వక్క క్యాన్సర్ కారకమని 2004లోనే రాశారు. మన వీధి చివర కొట్లో దండల్లా వేలాడే పొట్లాల్లో ఉండేది అదే. ఆవకాయ మెసేజ్ మన పట్టణమంతా తిరిగింది. వక్క మెసేజ్ మీలో ఒక్కరికైనా వచ్చిందా? నాకు రాలేదు. పైకి నడిస్తే అబద్ధం ఒక్కటే కాదు, మనకి ఎవరూ చెప్పని నిజం కూడా ఒక్కోసారి కనపడుతుంది.

"మేము అంతలా మోసపోములెండి, సైట్ చూస్తే తెలిసిపోతుంది" అనుకునేవాళ్లు ఉంటారు. వాళ్లకోసం ఒక పరీక్ష గురించి చెబుతాను. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో సామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ అనే ఇద్దరు 2017లో ప్రచురించారు. 25 మంది విద్యార్థులు, పీహెచ్‌డీ చేసిన చరిత్రకారులు 10 మంది, పత్రికల్లో నిజనిర్ధారణ చేసే ఫ్యాక్ట్ చెకర్లు 10 మంది. వీళ్లని రెండు పిల్లల డాక్టర్ల సంఘాల సైట్లు చూసి ఏది నమ్మదగిందో చెప్పమన్నారు. ఒకటి 1930 నుంచి ఉన్న, పదుల వేల మంది సభ్యులున్న పెద్ద సంఘం. రెండోది దాంతో విభేదించి 2002లో విడిపోయిన చిన్న గుంపు. రెండు సైట్లూ చూడటానికి బ్రహ్మాండంగా ఉంటాయి. పేర్లూ దగ్గర దగ్గరగా ఉంటాయి.

విద్యార్థులు చాలామంది బోల్తా పడ్డారు. అది సరే, పీహెచ్‌డీ వాళ్లు కూడా చాలామంది తడబడ్డారు. ఎందుకు? శ్రద్ధగా చదివారు కాబట్టి. ఆ సైట్‌నే పైనుంచి కిందికి చదివారు, లోగో చూశారు, కింద ఇచ్చిన రిఫరెన్సులు చూశారు. ఫ్యాక్ట్ చెకర్లు మాత్రం నిమిషం తిరక్కుండానే ఆ పేజీ వదిలేసి పక్కన ఇంకో ట్యాబ్ తెరిచారు. ఈ సంఘం గురించి బయటివాళ్లు ఏమంటున్నారని వెతికారు. పెళ్లి సంబంధం వస్తే మనం ఏం చేస్తాం? పిల్లాడి బయోడేటా చదివి ముహూర్తం పెట్టేస్తామా? వాళ్ల ఊరెళ్లి నలుగురిని వాకబు చేస్తాం. ఇంత చక్కటి అలవాటు మనకి ఉండగా, ఒంటికి సంబంధించిన మాట దగ్గర వాకబు ఎందుకు మానేస్తున్నాం?

ఇప్పుడు కాస్త కష్టమైన చోటికి వద్దాం. డిగ్రీ పిల్లలు ముందు వరుసలో ఉన్నారు, మీరు జాగ్రత్తగా వినండి. "ఇది ఇంటర్నేషనల్ జర్నల్‌లో వచ్చింది మేడమ్" అని నాకు చాలామంది పంపుతుంటారు. జర్నల్ అంటే పరిశోధనా పత్రాలు అచ్చేసే పత్రిక. అందులో వస్తే తూము దాకా చేరినట్టేనా?

ఏ జర్నల్ అన్నది చూడాలి. జాన్ బొహానన్ అనే ఒక సైన్సు విలేకరి కావాలనే తప్పులతో ఒక పరిశోధనా పత్రం రాసి 304 జర్నళ్లకి పంపాడు. క్యాన్సర్ మందు కనిపెట్టామని అందులో రాశాడు. స్కూలు కెమిస్ట్రీ కంటే కాస్త ఎక్కువ తెలిసినవాళ్లు ఎవరైనా ఆ తప్పులు పట్టుకోవాలి. 157 జర్నళ్లు అచ్చేస్తామన్నాయి. 2013లో 'సైన్స్' అనే పేరున్న పత్రికలో ఆ వివరాలన్నీ వచ్చాయి. డబ్బు కడితే ఏదైనా వేసే జర్నళ్లు ఇంత ఉన్నాయా అని నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇది మనకి దూరం సంగతి కూడా కాదు. హైదరాబాద్ నుంచి నడిచే ఓమిక్స్ అనే ప్రచురణ సంస్థ, తమ దగ్గర పత్రాల్ని నిపుణులు పరిశీలిస్తారని పరిశోధకుల్ని నమ్మించి తప్పుదారి పట్టించిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. 2019లో అక్కడి ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకి పైగా కట్టమని తీర్పిచ్చింది. మన ఊళ్లోంచి ప్రమోషన్ కోసం పేపర్లు పంపే లెక్చరర్లూ, రీసెర్చి చేసే పిల్లలూ, దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి. అక్కడ మీరు కట్టే డబ్బు కూడా ఆ కాలువలో బురదే అవుతుంది.

అదే బొహానన్ 2015లో ఇంకొకటి చేసి చూపించాడు. చాక్లెట్ తింటే త్వరగా బరువు తగ్గుతారని నిజంగానే జర్మనీలో ఒక ప్రయోగం చేశాడు. మనుషులు ఎంతమంది? పదిహేను మంది. కొలిచినవి ఎన్ని? పద్దెనిమిది. బరువు, కొలెస్టరాల్, నిద్ర, ఇలాగ. మామిడిచెట్టు మీదకి పద్దెనిమిది రాళ్లు విసిరితే ఏదో ఒక కాయ రాలదా? రాలిన కాయ ఒక్కటే చూపించి "నా గురి చూశారా" అంటే? తగలని పదిహేడు రాళ్ల మాట ఎవరు చెబుతారు? ఆ చాక్లెట్ వార్త చాలా దేశాల్లో అచ్చయింది. ఎంతమంది మీద చేశారని వార్త రాసినవాళ్లలో దాదాపు ఎవరూ అడగలేదు. మీరు అడగండి. ఎంతమంది మీద? ఎన్నాళ్లు? దేనితో పోల్చి? ఈ మూడూ అడిగితే చాలా మెసేజ్‌లు అక్కడికక్కడే ఆగిపోతాయి.

మరి మంచి జర్నల్ అయితే? నిజంగా గొప్ప జర్నల్ అయితే? ఇది నేను స్వయంగా చూసిన బాధ కాబట్టి కాస్త ఎక్కువసేపు చెబుతాను.

2020 గుర్తుంది కదా. మార్చిలో హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మందు పేరు అందరి నోటా. కోవిడ్ వార్డుల్లో పనిచేసేవాళ్లు, రోగి ఇంట్లోవాళ్లు ముందుజాగ్రత్తగా వాడొచ్చని ఐసీఎంఆర్, అంటే భారత వైద్య పరిశోధన మండలి, సలహా ఇచ్చింది. అది ఎవరికి ఇచ్చిన సలహా అన్నది దారిలో పోయింది. జనం షాపుల మీద పడ్డారు. మా వీధిలో ఒక అమ్మాయి ఉంది, తనకి లూపస్ అనే జబ్బు. ఏళ్ల తరబడి రోజూ ఆ మాత్ర వేసుకోవాలి, తనకి అది నిజమైన మందు. వాళ్ల నాన్న ప్రిస్క్రిప్షన్ పట్టుకుని పదకొండు షాపులు తిరిగాడు. లేదు, లేదు, లేదు. ఆ అమ్మాయి మాత్రని సగానికి విరిచి వేసుకుంది, వేళ్ల కీళ్లు వాచిపోయాయి. అవసరం లేనివాళ్ల బీరువాల్లో మాత్రం ఆ మందు ఉంది. ఫార్వర్డ్ చేస్తే పోయేదేముంది అంటారు చూడండి, ఆ మాట వినపడినప్పుడల్లా నాకు ఆ అమ్మాయి వేళ్లు కనపడతాయి.

తర్వాత మే 22న లాన్సెట్‌లో ఒక పత్రం వచ్చింది. లాన్సెట్ అంటే వైద్యంలో తలమానికం లాంటి జర్నల్. 671 ఆస్పత్రులు, 96 వేల మంది రోగులు, ఈ మందు వల్ల మరణాలు పెరుగుతున్నాయని సారాంశం. ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడు రోజుల్లో తన ప్రయోగంలో ఆ మందుని తాత్కాలికంగా ఆపింది. అప్పుడు ఏమైంది? ఆస్ట్రేలియాలో కొందరు ఆ అంకెలు కూడి చూశారు. ఏప్రిల్ 21 నాటికి అక్కడ అయిదు ఆస్పత్రుల్లో 73 మంది చనిపోయారని పత్రంలో ఉంది. ఆ రోజుకి ఆస్ట్రేలియా దేశం మొత్తం మీద లెక్కకెక్కిన మరణాలు 67! అయిదు ఆస్పత్రుల్లో చనిపోయినవాళ్లు దేశంలో చనిపోయినవాళ్లకంటే ఎక్కువ ఎలా అవుతారు? దీనికి పీహెచ్‌డీ కావాలా? కూడిక వస్తే చాలు. డేటా చూపించమంటే సర్జిస్ఫియర్ అనే ఆ డేటా కంపెనీ పూర్తిగా చూపించలేదు. జూన్ 4న, రెండు వారాల్లో, పత్రం వెనక్కి పోయింది. దీన్ని రిట్రాక్షన్ అంటారు.

ఇక్కడ ఆగండి. ఆ రోజు నాకు చాలా మెసేజ్‌లు వచ్చాయి: "చూశారా, ఆ పేపర్ దొంగదని తేలింది, కాబట్టి మందు పనిచేస్తుంది." ఆ "కాబట్టి" ఎక్కడి నుంచి వచ్చింది? ఒక సాక్షి అబద్ధం చెప్పాడని తేలితే ఆ సాక్ష్యం పోతుంది, అంతే. ఎదుటివాడి వాదన నిజమైపోదు. మర్నాడే, జూన్ 5న, బ్రిటన్‌లో రికవరీ అనే పెద్ద ప్రయోగం ఫలితం చెప్పారు. మందు ఇచ్చినవాళ్లు 1542 మంది, ఇవ్వనివాళ్లు 3132 మంది, ఎవరికి ఇవ్వాలన్నది చీటీ తీసినట్టు నిర్ణయించారు. ఆస్పత్రిలో ఉన్న కోవిడ్ రోగుల్లో ఆ మందు వల్ల మరణాలు తగ్గలేదు. ఆ దొంగ పత్రం పక్కకి పోయింది, నిజాయితీగా చేసిన ప్రయోగం కూడా మందు పనిచేయలేదనే చెప్పింది. రెండూ ఒకేసారి నిజం కావచ్చు.

అందుకని ఒక పత్రం దొరికితే పేరు వెతికి, అది వెనక్కి పోయిందేమో చూడండి. పబ్‌మెడ్ అనే సైట్‌లో పేరు కొడితే వస్తుంది, వెనక్కి పోయిన పత్రం మీద రిట్రాక్టెడ్ అని రాసి ఉంటుంది. 1998లో పిల్లల టీకాకీ ఆటిజానికీ సంబంధం ఉందన్న వేక్‌ఫీల్డ్ పత్రం ఇదే లాన్సెట్‌లో వచ్చింది, పన్నెండు మంది పిల్లల మీద. 2010లో వెనక్కి తీసేశారు. డెన్మార్క్‌లో ఆరున్నర లక్షల మంది పిల్లల్ని ఏళ్ల తరబడి చూసి 2019లో సంబంధం లేదని రాశారు. అయినా మన తల్లుల గ్రూపుల్లో ఆ పన్నెండు మంది పిల్లల మాటే ఇంకా తిరుగుతోంది. మొన్న కూడా నాకు వచ్చింది.

పసుపు గురించి ఇందాక ఒకాయన చీటీ పంపారు. పసుపు క్యాన్సర్ కణాల్ని చంపుతుందని పరిశోధనలో తేలిందట, నిజమేనా అని. దుగ్గిరాల దగ్గరే కదా మనం, పసుపు మన పంట, మన గుమ్మం, మన పాదాలు. అది నిజం కావాలని నాకూ ఉంటుంది. సరిగ్గా అలా అనిపించినప్పుడే ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. గాజు పళ్లెంలో ఉన్న కణాల మీద పసుపులో ఉండే కర్క్యుమిన్ అనే పదార్థం పోస్తే కణాలు చచ్చాయి, ఆ పరిశోధనలు ఉన్నాయి. కానీ గాజు పళ్లెంలో కణాల్ని బ్లీచింగ్ పౌడర్ కూడా చంపుతుంది. కర్క్యుమిన్ తింటే రక్తంలోకి చేరేది చాలా తక్కువ. కర్క్యుమిన్ మీద 120కి పైగా క్లినికల్ ట్రయల్స్, అంటే మనుషుల మీద చేసే ప్రయోగాలు, జరిగాయి, మందో ఉత్తుత్తి మాత్రో ఎవరికీ తెలియకుండా చేసిన ఏ ట్రయల్‌లోనూ అది పనిచేసినట్టు తేలలేదని 2017లో కొందరు రసాయన శాస్త్రవేత్తలు సమీక్ష రాశారు. కూరలో వేసుకోండి, సంతోషంగా వేసుకోండి. కీమో మానేసి పసుపు నీళ్లు తాగడం మాత్రం వద్దు. దయచేసి వద్దు.

చివరగా, ఆ పెద్దమ్మగారు అడిగిన ప్రశ్న. "నాకు ఇంగ్లీషు రాదు, నేను పైకి ఎలా నడిచేదమ్మా?" అన్నారు. చాలా మంచి ప్రశ్న అండీ. మా నాన్న కూడా ప్రతిసారీ ఒక్కడే వెళ్లేవాడు కాదు, పక్క చేని వాళ్లని తోడు తీసుకెళ్లేవాడు. మీ మనవరాలు ఉంది, మీ వీధి ఆశా కార్యకర్త ఉంది, పీహెచ్‌సీలో డాక్టరుగారు ఉన్నారు. "ఇది నిజమా" అని అడిగే బదులు "ఇది ఎక్కడి నుంచి వచ్చిందో చూసిపెట్టు" అని అడగండి. ఏఐని అడిగి చెప్పేవాళ్లయితే, అది చెప్పిన పత్రం అసలు ఉందో లేదో వెతికి చూపించమనండి, లేని పత్రాల పేర్లు కూడా అది పుట్టిస్తుంది. తెలిసేదాకా ఇంకొకరికి పంపకండి. అది మాత్రం ఏ భాషా రాకపోయినా చేయొచ్చు.

మా వదిన సంగతి అడుగుతున్నారు. నేను గ్రూపులో ఏమీ రాయలేదు, నలుగురిలో తప్పంటే ఎవరికైనా మనసు కష్టపడుతుంది. ఆదివారం ఇంటికెళ్లి ఆ పట్టిక ఫోన్‌లో చూపించాను. కళ్లజోడు పెట్టుకుని ఆవిడే కిందికి జరుపుతూ చదివింది. వక్క దగ్గర ఆగింది. వెంటనే వరండాలో ఉన్న మా అన్నయ్యని పిలిచింది. వాసెన మధ్యాహ్నం భోజనాల వేళకి విప్పింది.

ఈ గ్రంథాలయంలో వెనక గదిలో రెండు కంప్యూటర్లు ఉన్నాయి. లైబ్రేరియన్‌గారిని అడిగాను, ఏడింటి దాకా తెరిచి ఉంచుతానన్నారు. మీ ఫోన్‌లో మిమ్మల్ని భయపెట్టిన మెసేజ్ ఏదైనా ఉంటే ఒక్కటి తీసుకుని రండి. ముందు ఎవరు వస్తారు? మీరేనా? రండి బాబూ.